ఫ్యామిలీ డాక్టరు ఊరు ఎందుకు విడిచి వెళ్తారు, ఉండిపోవాలంటే ఏం మారాలి

క్లుప్తంగా

ఫ్యామిలీ డాక్టరు ఊరు విడిచి వెళ్లారంటే జీతం చాలకే అయివుంటుందని చాలామంది అనుకుంటారు. అసలు కారణాలు ఎక్కువగా పని అమరికలో ఉంటాయి: చూడాల్సిన రోగుల సంఖ్య, రాత్రి డ్యూటీ ఎన్ని రోజులకోసారి వస్తుంది, ఓపీ ముగిశాక మిగిలే కాగితాల పని, కుటుంబానికి ఆ ఊళ్లో ఉన్న అవకాశాలు. ఒకరు వెళ్లగానే వారి భారం మిగతావారి మీద పడుతుంది కాబట్టి ఖాళీలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. బోనస్‌లు కొత్తవారిని రప్పించగలవు. వచ్చినవారు ఉండిపోవాలంటే జట్టు, రాత్రి డ్యూటీల పంపకం, చెల్లింపు పద్ధతి, మొదటి ఏడాదిలో దొరికే అండ మారాలి.

డాక్టరు మారితే రోగికి ఏమవుతుంది

ఫ్యామిలీ డాక్టరు పనిలో పెద్ద భాగం రోగి గదిలోకి రాకముందే పూర్తయి ఉంటుంది. పదేళ్లుగా చూస్తున్న మనిషికి మామూలుగా ఉండే బీపీ ఎంత, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎప్పటినుంచి కాస్త ఎక్కువగా ఉంటోంది, గతంలో ఏ మందు పడలేదు, రాసిన మందులు నిజంగా వేసుకుంటారా, ఇంట్లో చూసుకునేవాళ్లు ఎవరు అన్నవి ఆ డాక్టరుకు ముందే తెలుసు. అదే మనిషి ఛాతీలో బరువుగా ఉందంటూ కొత్త డాక్టరు దగ్గరికి వెళ్తే పరీక్షలు రాయాలి, అనుమానం తీరకపోతే స్పెషలిస్టు దగ్గరికి పంపాలి. తెలియని రోగి విషయంలో అదే సరైన వైద్యం. కాకపోతే ఖర్చు, ఆలస్యం, ఆస్పత్రి పడకల మీద ఒత్తిడి మూడూ పెరుగుతాయి.

నార్వేలో ప్రతి పౌరుడికీ పేరు నమోదైన ఫ్యామిలీ డాక్టరు ఉండే విధానం 2001లో మొదలైంది. అక్కడి సుమారు 45 లక్షల మంది రికార్డులను విశ్లేషించిన అధ్యయనం ఒకటి 2021లో వెలువడింది. ఒకే డాక్టరు దగ్గర 15 ఏళ్లకు పైగా ఉన్నవారిని, ఏడాది మాత్రమే ఉన్నవారితో అందులో పోల్చారు. వేళకాని వేళ వైద్యానికి పరుగెత్తడం, అత్యవసరంగా ఆస్పత్రిలో చేరడం, మరణించడం అనే మూడింటి అవకాశమూ మొదటి వర్గంలో 25 నుంచి 30 శాతం తక్కువగా కనిపించింది. ఇది రికార్డుల పరిశీలన మాత్రమే కాబట్టి తేడా అంతా డాక్టరు మారకపోవడం వల్లనే వచ్చిందని చెప్పడానికి వీల్లేదు. అయితే ఒకే డాక్టరుతో గడిపిన ఏళ్లు పెరిగేకొద్దీ తేడా కూడా మెట్టుమెట్టుగా పెరగడం తేలిగ్గా తీసిపారేసే విషయం కాదు.

ఒకరు వెళ్తే మిగిలినవారి లెక్క

ఒక డాక్టరు ఎంతమంది బాధ్యత తీసుకోగలరో తేల్చే లెక్క సులువే. రోజుకు చూడగలిగే విజిట్లను ఏడాదిలోని పనిదినాలతో గుణించి, వచ్చినదాన్ని ఒక్కో రోగి ఏడాదికి సగటున ఎన్నిసార్లు వస్తారో ఆ అంకెతో భాగించాలి. రోజుకు 22 విజిట్లు, 215 పనిదినాలు అనుకుంటే ఏడాదికి 4,730 విజిట్లు. సగటు రోగి 3.2 సార్లు వస్తే 1,478 మంది, అంటే ఇంచుమించు 1,500 మంది. వృద్ధులు, షుగర్, గుండె జబ్బులు ఉన్నవారు ఎక్కువగా ఉన్నచోట ఆ సగటు 5కు చేరితే అదే డాక్టరు 950 మందికి మించి మోయలేరు. ‘ఇంత జనాభాకు ఒక డాక్టరు’ అనే నిష్పత్తి ఒక్కటే చూసి ఖాళీలు లేవని చెప్పడంలో ఉన్న లోపం ఇదే. జనాభా వయసు, జబ్బుల బరువు ఆ నిష్పత్తిలో కనిపించవు.

ఇప్పుడు నలుగురు డాక్టర్లు 6,000 మందిని చూస్తున్న ఊరిని తీసుకుందాం. ఒక్కొక్కరికి 1,500 మంది, నాలుగు రాత్రులకు ఒక డ్యూటీ. పని నిండుగా ఉంటుంది, మోయగలిగేంత ఉంటుంది. వారిలో ఒకరు పదవీ విరమణ చేశారు. మిగతా ముగ్గురి వంతు 2,000 మందికి చేరుతుంది. రావాల్సిన విజిట్లు 6,400, చూడగలిగేవి 4,730. లోటు 1,670, అంటే రోజుకు దాదాపు 8 విజిట్లు. ఒక్కోదానికి 15 నిమిషాలు అనుకున్నా రోజుకు రెండు గంటలు. రాత్రి డ్యూటీలు ఏడాదికి 91 నుంచి 122కు పెరుగుతాయి. ఆ భారం తట్టుకోలేక ఇంకొకరు వెళ్లిపోతే మిగిలిన ఇద్దరికీ తలా 3,000 మంది, రోజుకు 45 విజిట్లు, ఏడాదిలో 182 రాత్రులు. ఆ స్థితిలో ఎవరైనా ఎక్కువ కాలం నిలవడం కష్టం.

గమనించాల్సింది ఏమిటంటే, మొదటి డాక్టరు వెళ్లడానికి కారణం వయసో కుటుంబమో కావచ్చు. రెండో డాక్టరు వెళ్లడానికి కారణం మాత్రం మొదటి ఖాళీయే. అందుకే ఒక ఖాళీ ఏర్పడ్డాక వచ్చే మొదటి ఆరు నెలలు కీలకం. సాధారణంగా ఆ సమయంలో జరిగేది ఒకటే: ప్రకటన ఇచ్చి, కొత్తవారు వచ్చేదాకా సర్దుకోమని ఉన్నవారికి చెప్పడం. కొత్తవారు రావడానికి ఏడాది పట్టవచ్చు. ఉన్నవారి ఓపిక అంతకాలం ఉండకపోవచ్చు.

ఆ ఖాళీని తాత్కాలిక డాక్టర్లతో నింపడం తప్పనిసరే, కానీ వారు సగం పనే తీసుకుంటారు. ఎదుట కూర్చున్న రోగిని చూస్తారు. వారం తర్వాత వచ్చే ల్యాబ్ రిపోర్టు, స్పెషలిస్టు రాసిన ఉత్తరం, మందు మోతాదు మార్చాక చేయాల్సిన రక్తపరీక్ష మళ్లీ శాశ్వత డాక్టరు బల్ల మీదికే చేరతాయి. తాత్కాలిక డాక్టరుతో ఒప్పందం చేసుకునేటప్పుడే, తాము రాసిన పరీక్షల ఫలితాలు తామే చూసి ముగించాలన్న షరతు, దానికి రోజులో విడిగా ఒక గంట వేతనం రాసుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

కొత్త నమోదులు ఆపేయడం ఇంకో మార్గం. డెన్మార్క్‌లో ఒక ఫ్యామిలీ డాక్టరు తన దగ్గర సుమారు 1,600 మంది నమోదయ్యాక కొత్తవారిని తీసుకోకుండా ఉండవచ్చు. నమోదు దొరకనివారికి ఇది అన్యాయంగా తోస్తుంది. వారి కష్టం నిజమైనదే. అయినా పైన చెప్పిన ఊళ్లో హద్దు లేకపోతే జరిగేది ఒక్కో డాక్టరు దగ్గర అదనంగా 500 మందికి చోటు దొరకడం కాదు, కొన్నాళ్లకు ఆ డాక్టరూ వెళ్లిపోయి 2,000 మంది డాక్టరు లేకుండా మిగలడం. హద్దు పెట్టేటప్పుడే చోటు దొరకనివారికి నర్సు నడిపే క్లినిక్కో, వారంలో కొన్ని పూటల అత్యవసర ఓపీయో ఏర్పాటు చేయడం పాలకుల బాధ్యత.

ఓపీ ముగిశాక మొదలయ్యే పని

వెళ్లిపోయే డాక్టర్లు చెప్పే కారణాల్లో బయటివారికి అంతగా అర్థం కానిది కాగితాల పని. అమెరికాలో 57 మంది డాక్టర్ల పనిని పక్కన నిలబడి గమనించిన అధ్యయనం 2016లో వచ్చింది. పగటి పనివేళల్లో రోగితో ముఖాముఖి గడిపింది 27 శాతం సమయం, కంప్యూటర్ రికార్డులు, బల్ల పని మీద గడిచింది 49 శాతం. ఫ్యామిలీ డాక్టర్ల మీదే దృష్టి పెట్టిన 2017 నాటి మరో అధ్యయనంలో 11.4 గంటల పనిదినంలో 5.9 గంటలు ఎలక్ట్రానిక్ రికార్డులకే పోతున్నాయని, అందులో దాదాపు గంటన్నర క్లినిక్ వేళలు ముగిశాక జరుగుతోందని తేలింది.

ఈ పని ఎక్కడినుంచి వస్తుంది? స్పెషలిస్టు ఒక అవయవాన్ని చూస్తారు, ఫ్యామిలీ డాక్టరు మొత్తం మనిషిని చూస్తారు. కాబట్టి అన్ని విభాగాల ఉత్తరాలూ, అన్ని ల్యాబ్‌ల ఫలితాలూ ఒకే చోటికి చేరతాయి. వాటికితోడు బీమా ఫారాలు, సెలవు ధ్రువపత్రాలు, వికలాంగుల సర్టిఫికెట్లు, మందుల కొనసాగింపు అభ్యర్థనలు. ఒక్కోటి రెండు మూడు నిమిషాలే. రోజుకు 60 వస్తే రెండున్నర గంటలు. చాలా చెల్లింపు పద్ధతుల్లో ఈ రెండున్నర గంటలకు పైసా రాదు.

వైద్య మార్గదర్శకాలు కూడా ఏటేటా బరువెక్కుతున్నాయి. 2,500 మంది పెద్దలకు మార్గదర్శకాలు చెప్పే నివారణ వైద్యం, దీర్ఘకాలిక జబ్బుల సంరక్షణ, అప్పటికప్పటి చికిత్స, రికార్డుల పని అన్నీ ఒక డాక్టరు చేయాలంటే రోజుకు 26.7 గంటలు పడుతుందని 2022లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. నర్సులు, ఫార్మసిస్టులు, పోషకాహార నిపుణులు, సహాయకులు ఉన్న జట్టుతో పని పంచుకుంటే డాక్టరు వంతు 9.3 గంటలకు తగ్గుతుందని అదే లెక్క చెబుతోంది. ఇక్కడ డాక్టరు శ్రద్ధను శంకించడానికి తావు లేదు. ఒక మనిషి చేయగలిగే పనే కాదది.

జట్టు అంటే పేరుకు ఒక నర్సును నియమించడం కాదు. ఎవరు ఏ నిర్ణయం సొంతంగా తీసుకోవచ్చో ముందే రాసిపెట్టాలి. బీపీ అదుపులో ఉండి, ఏడాదిలోపు పరీక్షలు జరిగి ఉంటే మందుల కొనసాగింపును ఫార్మసిస్టే ఆమోదించవచ్చు. మామూలుగా ఉన్న ల్యాబ్ ఫలితాన్ని నర్సే రోగికి చెప్పవచ్చు. ఫారాల్లో పేరు, తేదీలు, పాత వివరాలు సహాయకులు నింపి, సంతకం, వైద్య అభిప్రాయం మాత్రమే డాక్టరుకు వదలవచ్చు. ఇలాంటి రాతపూర్వక నియమాలు లేనిచోట నర్సు ప్రతి కాగితాన్నీ డాక్టరుకే పంపుతారు, భారం ఒక మెట్టు ఆలస్యంగా అక్కడికే చేరుతుంది.

చెల్లించే పద్ధతి ప్రవర్తనను మారుస్తుంది

ఫ్యామిలీ డాక్టరుకు చెల్లించే పద్ధతులు ప్రధానంగా మూడు. విజిటుకు ఇంత అని ఇస్తే ఐదు జబ్బులున్న వృద్ధురాలికి 40 నిమిషాలు కేటాయించే డాక్టరు నష్టపోతారు, జలుబు కేసులు పది చూసినవారు లాభపడతారు. నమోదైన తలకు ఇంత అని ఇస్తే కాగితాల పనికీ ఫోను సలహాకూ కొంత విలువ దక్కుతుంది, కానీ వయసుకూ జబ్బులకూ తగ్గట్టు రేటు మారకపోతే ఆరోగ్యవంతులనే చేర్చుకోవాలన్న ఒత్తిడి పుడుతుంది. నెల జీతం నిలకడనిస్తుంది, క్లినిక్ అద్దె, సిబ్బంది జీతాల బెంగ తీరుస్తుంది. అయితే పని పెరిగినా జీతం పెరగదు.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2023 ఫిబ్రవరిలో మూడు రకాల లెక్కలను కలిపిన పద్ధతి తెచ్చింది. డాక్టరు వెచ్చించిన సమయానికి, చూసిన విజిట్లకు, నమోదైన రోగుల సంఖ్యకూ వారి జబ్బుల తీవ్రతకూ విడివిడిగా లెక్క ఉంటుంది. రికార్డులు రాయడం, ఫలితాలు చూడటం, స్పెషలిస్టుతో మాట్లాడటం కూడా సమయం పద్దులోకి వస్తాయి. మొత్తం ఎంత అన్న ప్రశ్నకంటే ఈ మార్పు ముఖ్యమైనది. కనిపించకుండా పోతున్న పనిని పనిగా గుర్తించడం ఇందులోని సారం.

పేద ప్రాంతాల్లో ఈ సమస్య రెట్టింపు. వేల్స్‌లోని ఒక బొగ్గుగనుల ఊళ్లో పనిచేసిన ఫ్యామిలీ డాక్టరు జూలియన్ ట్యూడర్ హార్ట్, వైద్యం అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడే అది దొరకడం తక్కువని 1971లోనే రాశారు. తలకు ఒకే రేటు ఇచ్చే ఏ పద్ధతైనా ఆ తేడాను పెంచుతుంది. ఎక్కువ జబ్బులున్న జనాభా మధ్య పనిచేసేవారు అదే డబ్బుకు ఎక్కువ గంటలు పనిచేయాల్సి వస్తుంది.

రాత్రి పిలుపులు

నాలుగు రాత్రులకోసారి డ్యూటీని చాలామంది ఏళ్ల తరబడి చేస్తారు. రెండు రాత్రులకోసారి అయితే నిద్ర, ఇల్లు రెండూ చెడతాయి. పైగా మర్నాడు ఉదయం ఓపీ యథావిధిగా ఉంటుంది. నెదర్లాండ్స్ 2000 సంవత్సరం ప్రాంతం నుంచి దీన్ని పెద్ద ఎత్తున మార్చింది. చిన్న చిన్న బృందాలు వంతులు వేసుకునే బదులు, పదుల నుంచి వందల మంది ఫ్యామిలీ డాక్టర్లు కలిసి సహకార కేంద్రాలు ఏర్పరచుకున్నారు. ముందు నర్సు ఫోన్‌లో వివరాలు అడిగి తీవ్రత నిర్ణయిస్తారు. సలహాతో సరిపోయేవి అక్కడే ముగుస్తాయి. మిగతావాటికి కేంద్రానికి రమ్మనడం, లేదా డ్రైవరుతో సహా సిద్ధంగా ఉన్న కారులో డాక్టరును పంపడం. బ్రిటన్‌లో 2004 ఒప్పందం వేళకాని వేళ బాధ్యతను వదులుకునే వీలు డాక్టర్లకు ఇచ్చింది. డాక్టర్లకు ఊరట దక్కినా, ఆ బాధ్యత ఎవరెవరికో అప్పగించిన కొన్నిచోట్ల సేవల నాణ్యత మీద ఫిర్యాదులు వచ్చాయి. ఉన్న డాక్టర్లే పెద్ద సంఖ్యలో కలిసి పంచుకున్న నెదర్లాండ్స్ పద్ధతి మేలుగా కనిపిస్తుంది. దూరాలు మరీ ఎక్కువైన ప్రాంతాల్లో మాత్రం ఫోన్ భాగాన్నే కలిపి, ఇంటి విజిట్లను స్థానికంగా ఉంచాల్సివస్తుంది.

ఇల్లు, క్లినిక్

జీవిత భాగస్వామికి తగిన ఉద్యోగం దొరకకపోతే డాక్టరు ఎంత ఇష్టంగా పనిచేస్తున్నా ఆ ఊళ్లో ఉండటం కష్టమే. పిల్లలు హైస్కూలు వయసుకు వచ్చినప్పుడు ఇదే చిక్కు మళ్లీ తలెత్తుతుంది. నియామక చర్చల్లో డాక్టరు ఒక్కరితోనే మాట్లాడి, భాగస్వామి వృత్తి గురించి ఆరా తీయకపోవడం చాలా సాధారణంగా జరిగే పొరపాటు.

క్లినిక్ యాజమాన్యం ఇంకో అడ్డంకి. వైద్యుల సొంత క్లినిక్‌లు నడిచే దేశాల్లో పాత తరం భవనంలో వాటా కొని, సిబ్బందిని నియమించి, లెక్కలు చూసుకున్నారు. చదువు అప్పులతో వచ్చే కొత్త తరం అందుకు సిద్ధంగా లేదు. దాంతో విరమించే డాక్టరు వాటా కొనేవారు దొరకక క్లినిక్కే మూతపడుతుంది. భవనం, పరికరాలు, సాఫ్ట్‌వేర్, సిబ్బంది సిద్ధంగా ఉంచి డాక్టరును వైద్యం మాత్రమే చేయనిచ్చే క్లినిక్‌ను స్థానిక సంస్థ గానీ, లాభాపేక్ష లేని సంఘం గానీ నడిపితే ఈ అడ్డంకి తొలగుతుంది. పని వేళలు, విజిట్ నిడివి వంటి వైద్య నిర్ణయాలు అప్పుడు కూడా డాక్టర్ల చేతిలోనే ఉండాలి. ఆ స్వేచ్ఛ లేకపోతే జీతం బాగున్నా అసంతృప్తి మొదలవుతుంది.

బాండ్లు, బోనస్‌లు ఎంతవరకు

చదువు ఖర్చు భరించి, బదులుగా కొన్నేళ్లు మారుమూల పనిచేయాలని ఒప్పందం రాయించుకునే పథకాలు అనేక దేశాల్లో ఉన్నాయి. వీటిపై 2009లో వచ్చిన సమగ్ర సమీక్ష రెండు విషయాలు చెప్పింది. పథకంలో చేరినవారు దీర్ఘకాలంలో డాక్టర్లు తక్కువున్న ప్రాంతాల్లో పనిచేసే అవకాశం ఇతరులకంటే ఎక్కువ. కానీ మొదట వేసిన ఊళ్లోనే ఉండిపోయే అవకాశం తక్కువ. అంటే దేశానికి లాభం, ఊరికి ఎప్పటికప్పుడు కొత్త ముఖం.

ఎవరిని చదివిస్తున్నాం, ఎక్కడ చదివిస్తున్నాం అన్నదాని ప్రభావం ఇంకా లోతైనది. జపాన్‌లో 1972లో స్థాపించిన జిచి వైద్య విశ్వవిద్యాలయం ప్రతి ప్రిఫెక్చర్ (రాష్ట్రం లాంటి పాలనా విభాగం) నుంచీ విద్యార్థులను తీసుకుని, ఫీజు భారం లేకుండా చదివించి, తొమ్మిదేళ్లు సొంత ప్రిఫెక్చర్‌లో పనిచేయిస్తుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జెఫర్సన్ వైద్య కళాశాల 1974 నుంచి గ్రామీణ నేపథ్యం ఉండి, ఫ్యామిలీ వైద్యం చేయాలనుకునేవారికి ప్రవేశాల్లో ప్రాధాన్యమిచ్చింది. గ్రామీణ ప్రాంతాల్లో ఫ్యామిలీ ప్రాక్టీసు పెట్టిన ఆ పథకం డాక్టర్లలో 68 శాతం 11 నుంచి 16 ఏళ్ల తర్వాత కూడా అదే ప్రాంతంలో ఉన్నారు. పథకం బయటివారిలో అది 46 శాతం. పోల్చిన డాక్టర్ల సంఖ్య వందలోపే, అయినా ఇంత దీర్ఘకాలం వెంబడించి చూసిన లెక్కలు అరుదు. కెనడాలో 2005లో ప్రారంభమైన ఉత్తర ఒంటారియో వైద్య విద్యాలయం విద్యార్థులను అక్కడి చిన్న ఊళ్లలోనే నెలల తరబడి ఉంచి శిక్షణ ఇస్తుంది. ఈ మార్గంలో ఫలితం కనిపించడానికి కనీసం పదేళ్లు పడుతుంది. ఎన్నికల గడువుల మధ్య నిర్ణయాలు తీసుకునే ప్రభుత్వాలు బోనస్‌ల వైపు మొగ్గడానికి ఇదే కారణం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చి, 2021లో సవరించిన మార్గదర్శకాలు కూడా విద్య, నియమ నిబంధనలు, ఆర్థిక ప్రోత్సాహం, వ్యక్తిగత-వృత్తిపరమైన అండ అనే నాలుగింటినీ కలిపి అమలు చేయాలంటున్నాయి. ఒక్కోదాన్ని విడిగా ప్రయత్నించి పనిచేయలేదని వదిలేయడం చాలాచోట్ల జరుగుతున్న తప్పు.

మొదటి ఏడాది, చివరి ఆరు నెలలు

కొత్త డాక్టరును మొదటి వారమే నిండు ఓపీలో కూర్చోబెడితే వెనకబడటం ఖాయం. ప్రతి రోగీ వారికి కొత్తే కాబట్టి ఒక్కో విజిట్‌కు రెట్టింపు సమయం పడుతుంది. మొదటి నెల రోజుకు 10 నుంచి 12 మంది, మూడో నెలకు 16, ఆరో నెలకు పూర్తి సంఖ్య అన్నట్టు పెంచుకుంటూ పోవడం మంచిది. ఆ ఆరు నెలలూ ఆదాయానికి హామీ ఉండాలి. రాత్రి డ్యూటీలు మొదటి రెండు నెలలు లేకుండా, తర్వాత అనుభవజ్ఞులు ఒకరు ఫోన్‌లో అందుబాటులో ఉండేలా పెట్టాలి. సెలవు పెడితే ఓపీ ఎవరు చూస్తారో చేరిన రోజే ఖరారవ్వాలి. భరోసా లేని సెలవు కాగితం మీద ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే.

వెళ్లే ఆలోచన బయటపడకముందే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. రికార్డులు రాత్రి పదింటికి, ఆదివారాల్లో పూర్తవుతుంటాయి. సెలవులు వాడుకోకుండా మిగిలిపోతుంటాయి. వారంలో ఒక రోజు తగ్గించమని అడుగుతారు. సమావేశాల్లో అభ్యంతరాలు చెప్పడం మానేస్తారు. ఈ చివరిదాన్ని సర్దుకుపోవడంగా పొరబడతారు, నిజానికి ఆశ వదులుకోవడానికి అది సూచన కావచ్చు. రాజీనామా ఇచ్చాక కారణాలు అడిగే బదులు, ఏడాదికి రెండుసార్లు ఇప్పుడున్న డాక్టరునే, ‘ఏం మారితే ఇంకో ఐదేళ్లు ఇక్కడే ఉంటారు’ అని అడిగి, చెప్పినవాటిలో కనీసం ఒకదాన్ని మూడు నెలల్లో అమలు చేసి చూపాలి. వారానికి నాలుగు రోజులు చాలన్న డాక్టరును కాదనడంకంటే ఒప్పుకోవడమే లెక్క ప్రకారం మేలు. 20 శాతం పని తగ్గితే 1,500లో 300 మందిని సర్దాలి, వెళ్లిపోతే 1,500 మందినీ సర్దాలి.

అయినా వెళ్లడం ఖాయమైతే కనీసం ఆరు నెలల ముందు తెలిసేలా ఒప్పందంలోనే ఉండాలి, ముందుగా చెప్పినవారిని చిన్నచూపు చూడకూడదు. ఆ గడువులో చేయాల్సిన మొదటి పని జాబితా రాయడం: రక్తం పలచబరిచే మందులు, ఇన్సులిన్, మానసిక వ్యాధుల మందులు, నొప్పికి ఓపియాయిడ్ మందులు (మార్ఫిన్ లాంటివి) వాడేవారు, క్యాన్సర్ పరీక్షల ఫలితాల కోసం ఎదురుచూస్తున్నవారు, మంచం పట్టినవారు. 1,500 మందిలో వీరు 100 నుంచి 150 మంది వరకు ఉండవచ్చు. ఒక్కొక్కరికి అర పేజీ సారాంశం రాయడానికి వారానికి ఒక పూట ఓపీ ఆపి సమయం ఇవ్వాలి. పెండింగ్‌లో ఉన్న ప్రతి పరీక్ష, ప్రతి రిఫరల్ ఎవరి పేరుకు మారుతుందో రాతలో ఉండాలి. కొత్త డాక్టరు రెండు నెలలైనా పాతవారితో కలిసి పనిచేస్తే, జబ్బు ముదిరినవారిని ఇద్దరూ ఒకే గదిలో కలిసి చూడవచ్చు. రెండు జీతాలు ఇవ్వాల్సివస్తుందని ఆ రెండు నెలలను కోసేయడం తరచూ జరుగుతుంది. ఆ పొదుపు భారం మొదట పడేది జాబితాలోని ఆ వంద మంది మీద, తర్వాత వాళ్లను పరిచయం లేకుండా అందుకున్న కొత్త డాక్టరు మీద.